మంద్రస్వరపు లెక్క: అయిదు తీగల బేస్ గిటార్

ఉత్తర తెలంగాణ సంగీతంలో అడుగున మోగే ధ్వని చాలాకాలంగా చర్మవాద్యాలదే. కరీంనగర్ ప్రాంతపు ఒగ్గుకథలో కథకుడి గొంతుకు దన్నుగా నిలిచేది డోలు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి కళాకారులు పేరు తెచ్చిన ఆ కళలో కథ ఎక్కడ పరుగెత్తాలో, ఎక్కడ ఆగాలో తేల్చేది డోలు దెబ్బే. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి రోజుల్లో సాగే దండారీలో, 2021లో పద్మశ్రీకి ఎంపికైన మార్లవాయి కనకరాజు ద్వారా దేశమంతటా తెలిసిన గుస్సాడీ నృత్యంలో, డప్పు, తుడుం, గుమేల ఆ పని చేస్తాయి. ఇక్కడ తీగవాద్యం లేకపోలేదు. గోండుల వంశగాథలను పాడే పర్ధాన్లు కమానుతో వాయించే మూడు తీగల కిక్రి తరతరాలుగా ఉంది. అయితే అది గొంతు వెంట నడిచే వాద్యమే గాని, గొంతు కింద పునాదిగా నిలిచే వాద్యం కాదు.

పెళ్లి ఆర్కెస్ట్రాలు, చర్చి గాయక బృందాలు, కళాశాల విద్యార్థుల బ్యాండ్లు ఆ పునాది పనికి ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌ను వాడుకుంటాయి. నాలుగు తీగలున్నదే దాని మూలరూపమైనా, ఇంకా కింది స్వరాల కోసం మరో లావు తీగను చేర్చిన అయిదు తీగల బేస్ ఇప్పుడు ఒక మధ్యరకం స్మార్ట్‌ఫోన్ ధరకే దొరుకుతోంది. చవక వాయిద్యం లోతైన స్వరాన్ని సరిగా పలికించగలదా అన్న ప్రశ్నకు జవాబు ధరల పట్టికలో కాక, తీగ పొడవు, బిగువు, బరువుల నడుమ ఉన్న లెక్కలో దొరుకుతుంది.

చర్మం, తీగ

డోలూ బేసూ రెండూ తక్కువ పౌనఃపున్యపు ధ్వనినే ఇస్తాయి. పౌనఃపున్యం అంటే ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య. దాని కొలమానం హెర్ట్జ్. అయినా డోలు దెబ్బను పాటగా పాడమంటే ఎవరూ పాడలేరు, బేస్ స్వరాన్ని పాడగలరు. కంపించే ఏ వస్తువైనా ఒకే పౌనఃపున్యంతో కంపించదు. మూలస్వరంతో పాటు అనేక ఉపస్వరాలు పుడతాయి. బిగించిన తీగలో ఈ ఉపస్వరాలు మూలానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా పూర్ణసంఖ్యల వరుసలో ఉంటాయి కనుక చెవి వాటన్నిటినీ కలిపి ఒకే స్వరంగా గుర్తిస్తుంది. గుండ్రటి చర్మంలో అవి 1.59, 2.14, 2.30, 2.65 రెట్ల వంటి పొంతనలేని వరుసలో వస్తాయి కనుక చెవికి దెబ్బ తెలుస్తుంది గాని స్వరం తెలియదు. మృదంగం, తబలాలు దీనికి మినహాయింపు. చర్మం నడుమ పూసే నల్లటి కరణి అక్కడ బరువు పెంచి ఉపస్వరాలను దాదాపు పూర్ణసంఖ్యల వరుసలోకి తెస్తుందని సి.వి. రామన్ 1920లోనే ‘నేచర్’ పత్రికలో వివరించాడు. డోలుకు, డప్పుకు అటువంటి ఏర్పాటు లేదు. వాటి పని లయ.

అందువల్ల బేస్ గిటార్ వచ్చినంత మాత్రాన డోలు స్థానం పోదు. డోలు ‘ఎప్పుడు’ అన్నది చెబుతుంది, బేస్ ‘ఏ స్వరం’ అన్నది చెబుతుంది. రెండూ ఒకే క్షణంలో పడినప్పుడు వినేవాడికి స్వరమున్న దెబ్బ వినిపిస్తుంది, బేస్ వాద్యకారుడి నైపుణ్యంలో సగం ఈ కలయికను నిలబెట్టడమే.

మూడు రాశుల బేరం

బిగించిన తీగ ఏ స్వరం పలుకుతుందో తేల్చే సూత్రాన్ని ఫ్రాన్స్‌కు చెందిన మారిన్ మెర్సెన్ 1636లో ప్రచురించాడు. పొడవు పెరిగితే స్వరం దిగుతుంది, బిగువు పెరిగితే ఎక్కుతుంది, మీటరుకు ఉండే బరువు పెరిగితే మళ్లీ దిగుతుంది. అయితే పొడవు నేరుగా పనిచేస్తే, బిగువూ బరువూ వర్గమూలంలో పనిచేస్తాయి. అంటే స్వరాన్ని సగానికి దించాలంటే పొడవును రెట్టింపు చేస్తే చాలు గాని, బరువుతో ఆ పని సాధించాలంటే దాన్ని నాలుగింతలు చేయాలి.

అయిదు తీగల బేస్‌లో తీగలను సాధారణంగా బి, ఇ, ఎ, డి, జి స్వరాలకు శ్రుతి చేస్తారు. వాటి పౌనఃపున్యాలు వరుసగా 30.87, 41.20, 55.00, 73.42, 98.00 హెర్ట్జ్. మెడ పైభాగాన ఉండే నట్ నుంచి కింద ఉండే బ్రిడ్జ్ వరకు తీగ కంపించే పొడవు ఎక్కువ వాయిద్యాల్లో 34 అంగుళాలు, అంటే 863.6 మిల్లీమీటర్లు. అయిదు తీగలకూ ఇదే పొడవు కనుక స్వరభేదమంతా బిగువు, బరువుల ద్వారానే రావాలి. నాలుగు తీగల బేస్‌లోని ఇ తీగనే వదులు చేసి బి స్వరానికి దించితే బిగువు 56 శాతానికి పడిపోయి, తీగ మెడ మీది లోహపు మెట్లకు (ఫ్రెట్లకు) కొట్టుకుంటూ గలగలమంటుంది. బిగువు తగ్గకుండా అదే తీగతో బి పలికించాలంటే పొడవును 45 అంగుళాలకు పెంచాలి. ఆ వాయిద్యాన్ని భుజాన వేసుకుని వాయించడం కుదరదు. మిగిలిన దారి బరువు పెంచడం ఒక్కటే.

అందుకే సాధారణ సెట్‌లో సన్నని జి తీగ వ్యాసం 0.045 అంగుళం ఉంటే, అయిదో తీగ, అంటే బి తీగ, వ్యాసం 0.130 అంగుళం, అంటే 3.3 మిల్లీమీటర్లు ఉంటుంది. లెక్కవేస్తే అయిదో తీగ మీటరుకు సుమారు 54 గ్రాములు, జి తీగ ఏడు గ్రాముల లోపు తూగుతాయి. ఎనిమిది రెట్ల బరువున్నా అయిదో తీగ మీద బిగువు సుమారు 15 కిలోల లాగుడే, జి తీగ మీద 19 కిలోలు. అయిదు తీగలూ కలిసి నెక్‌ను, అంటే మెడ కర్రను, 90 నుంచి 100 కిలోల దాకా లాగుతూ ఉంటాయి. అయిదో తీగ మిగతావాటికంటే వదులుగా, మెత్తగా తగలడానికి కారణం ఈ లెక్కే. అది చవక వాయిద్యపు లోపం మాత్రమే కాదు. కొన్ని వాయిద్యాలు పొడవును 35 అంగుళాలకు పెంచడం వల్ల అదే తీగ, అదే స్వరం దగ్గర బిగువు ఆరు శాతం పెరుగుతుంది.

లావు తీగతో మరో చిక్కు ఉంది. లావైన ఇనుప కడ్డీ తీగలా గాక కడ్డీలాగే ప్రవర్తిస్తుంది. దాని బిరుసుదనం వల్ల పై ఉపస్వరాలు పూర్ణసంఖ్యల వరుస నుంచి పైకి జరిగి, స్వరం మసకబారుతుంది. దీనికి విరుగుడుగా సన్నని ఉక్కు తీగను గర్భంగా పెట్టి, దాని చుట్టూ నికెల్ పూత ఉక్కు తీగను పొరలుపొరలుగా చుడతారు. బిగువు మోసేది గర్భం, బరువు ఇచ్చేది చుట్టు. చవక వాయిద్యంతో వచ్చే తీగల్లో అయిదోది నాసిగా ఉంటే వాయిద్యమంతా నాసిగా తోస్తుంది, మంచి సెట్ వేస్తే తేడా అప్పుడే తెలిసిపోతుంది.

అయిదో తీగ ఎందుకు వచ్చింది

అమెరికాలో లియో ఫెండర్ 1951లో విడుదల చేసిన ప్రిసిషన్ బేస్ ఎలక్ట్రిక్ బేస్‌ను సర్వసాధారణం చేసింది. నిలబెట్టి వాయించే భారీ డబుల్ బేస్‌కు బదులుగా, మెట్లున్న, మోయగలిగిన వాయిద్యం అది. 34 అంగుళాల కొలత కూడా దాని నుంచి స్థిరపడిందే. 1965లో అదే సంస్థ ‘బేస్ ఫైవ్’ను తెచ్చినా అందులో అదనపు తీగ పైస్థాయిది. కింది బి తీగ ఆలోచన 1970ల నడుమ బలపడింది. బేస్ వాద్యకారుడు ఆంథొనీ జాక్సన్ కోరిక మీద వాయిద్యాల తయారీదారు కార్ల్ థాంప్సన్ 1975లో ఆ తీగ కూడా ఉన్న ఆరు తీగల వాయిద్యం తయారుచేశాడు. సింథసైజర్లు చేతి వాయిద్యాలకు అందని లోతైన స్వరాలను పాటల్లోకి తెచ్చాక, వాటికి దీటుగా నిలవడానికి 1980లలో అయిదు తీగల బేస్ విస్తరించింది.

తెలుగు పాటకు ఈ తీగతో ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. మగ గొంతులు తరచుగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతాయి. హార్మోనియం లెక్కలో ఒకటి శ్రుతి సి, రెండు శ్రుతి డి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం ఇ కనుక, ఆ శ్రుతుల్లో దానికి దొరికే అతికింది షడ్జమం సి అయితే 65.4 హెర్ట్జ్, డి అయితే 73.4 హెర్ట్జ్. వాటి కింది స్థాయి షడ్జమాలు, 32.7, 36.7 హెర్ట్జ్ స్వరాలు, అయిదో తీగ మీద ఒకటో మెట్టు, మూడో మెట్టు దగ్గర దొరుకుతాయి. పల్లవి ముగిసి షడ్జమం మీద నిలిచే చోట బేస్ కిందికి దిగిపోగలగడం అయిదో తీగ ఇచ్చే వెసులుబాటు.

మరో ఉపయోగం చేతికి సంబంధించినది. మెట్లు నట్ దగ్గర దూరదూరంగా, బ్రిడ్జ్ వైపు పోయేకొద్దీ దగ్గరగా ఉంటాయి. 34 అంగుళాల నెక్ మీద ఒకటో మెట్టు నుంచి నాలుగో మెట్టుకు దూరం దాదాపు 13 సెంటీమీటర్లు, అయిదు నుంచి ఎనిమిదికి సుమారు 10.3 సెంటీమీటర్లు. ఖాళీ ఇ తీగ స్వరం అయిదో తీగ అయిదో మెట్టు మీదే దొరుకుతుంది కనుక, చిన్న చేతులున్నవారు వేళ్లను పైకి సాగదీయకుండా నడుమనే ఉండి అదే పాట వాయించవచ్చు. దీనికి చెల్లించే మూల్యంగా నెక్ వెడల్పవుతుంది. వాయించని అయిదో తీగ ఇతర తీగల కంపనంతో తనంతట తాను గుంయ్‌మనకుండా బొటనవేలిని దాని మీద ఆనించి ఉంచడం కొత్తవారు మొదట నేర్చుకోవలసిన పని.

చెవి, గది, స్పీకర్

మనిషి చెవి కింది స్వరాలకు బద్ధకంగా స్పందిస్తుంది. 1000 హెర్ట్జ్ దగ్గర 2 డెసిబెళ్ల ధ్వని లీలగా వినబడితే, 31.5 హెర్ట్జ్ దగ్గర అదే మాత్రంగా వినబడటానికి సుమారు 60 డెసిబెళ్లు కావాలి; అది ఇద్దరు మామూలుగా మాట్లాడుకునేంత ధ్వని. పైగా స్పీకర్ పలక అంతే ధ్వనిని ఒక స్థాయి కింద ఇవ్వాలంటే నాలుగింతల దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. ఇంట్లో సాధన కోసం వాడే చిన్న యాంప్లిఫయర్ స్పీకర్ అయిదో తీగ మూలస్వరాన్ని దాదాపు పలకలేదు.

అయినా ఆ స్వరం వినిపిస్తుంది. బి తీగను మీటినప్పుడు 30.87తో పాటు 61.7, 92.6, 123.5 హెర్ట్జ్ ఉపస్వరాలు కూడా పుడతాయి. మూలస్వరం స్పీకర్‌లో రాకపోయినా, ఉపస్వరాల మధ్య సమానంగా ఉన్న 30.87 దూరాన్ని బట్టి మెదడు లేని మూలాన్ని ఊహించుకుంటుంది. జర్మనీకి చెందిన ఆగస్ట్ సీబెక్ 1840లలో గమనించిన ఈ విషయమే ఫోన్ స్పీకర్‌లో కూడా బేస్ స్వరం గుర్తుపట్టగలగడానికి కారణం. వాయిద్యం అసలు పరీక్ష కూడా ఇక్కడే ఉంది: అయిదో తీగ ఉపస్వరాలు శుభ్రంగా, వరుసలో ఉంటే చిన్న స్పీకర్‌లోనూ స్వరం స్పష్టంగా ఉంటుంది, లేకుంటే ఎంత పెద్ద స్పీకర్‌లోనైనా గుడగుడలే మిగులుతాయి.

గది సంగతి వేరు. ఎదురెదురు గోడల మధ్య దూరం ధ్వని తరంగంలో సగానికి సమానమైనప్పుడు ఆ స్వరం గదిలో ఉబ్బిపోతుంది. ఇటుక గోడలు, స్లాబు, టైల్స్ ఉన్న పన్నెండు అడుగుల గదిలో అది సుమారు 47 హెర్ట్జ్. ఇ తీగ మీద రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్యన పడుతుంది. ఆ రెండు స్వరాలు మాత్రమే గదిని అదరగొడుతుంటే వాయిద్యాన్ని తప్పుపట్టనక్కర లేదు. యాంప్లిఫయర్‌ను మూల నుంచి జరిపి చూస్తే తేడా తెలుస్తుంది. ఇరుగుపొరుగు దృష్ట్యా, ఖర్చు దృష్ట్యా హెడ్‌ఫోన్‌తో సాధన చేయడమే ఉత్తమం. అందులో అయిదో తీగ మూలస్వరం కూడా చాలావరకు నేరుగా చెవికి అందుతుంది.

పికప్, కరెంటు రొద

బేస్ గిటార్ బాడీ గాలిని పెద్దగా కదిలించదు. తీగ కదలికను కరెంటుగా మార్చేది పికప్. అయస్కాంతం చుట్టూ వేల చుట్లు సన్నని రాగి తీగ చుట్టిన చిన్న పెట్టె అది. పైన ఉక్కు తీగ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇది.

అదే సూత్రం చుట్టుపక్కల కరెంటు వైర్లను కూడా పికప్‌కు వినిపిస్తుంది. భారతదేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తిచేస్తుంది కనుక దాని రొద 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర మోగుతుంది. ఇ తీగ మూడో మెట్టు స్వరం 49 హెర్ట్జ్, ఖాళీ జి తీగ 98. కరెంటు రొద సరిగ్గా బేస్ స్వరాల నడుమనే కూర్చుని, శ్రుతి కాస్త తప్పినట్టు వినిపిస్తుంది. దీనికి మందు ఒకదానికొకటి ఎదురుగా చుట్టిన రెండు చుట్టలు. తీగ నుంచి వచ్చే సంకేతం రెండింటిలో కలిసి పెరుగుతుంది, బయటి రొద ఒకదానినొకటి కొట్టేసుకుంటుంది. రెండు పికప్‌లున్న జాజ్ బేస్ తరహా చవక వాయిద్యాల్లో కూడా రెండు వాల్యూమ్ కీలనూ సమానంగా పెడితే ఈ లాభం సాధారణంగా ఉచితంగా వస్తుంది.

తీగలను ముట్టగానే రొద తగ్గితే అది సహజమే, ఎందుకంటే తీగలు బ్రిడ్జ్ ద్వారా ఎర్త్ వైరుకు కలిసి ఉంటాయి. అయితే అదే కారణంగా ఇంటి ఎర్తింగ్ సరిగా ఉండటం ప్రాణావసరం. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతే నేల విద్యుత్తును సరిగా తీసుకోదు కనుక అందులో నీళ్లు పోయడం, యాంప్లిఫయర్‌కు మూడు పిన్నుల ప్లగ్గునే వాడటం రాజీపడకూడని జాగ్రత్తలు. చవక అయిదు తీగల బేస్‌లలో చాలావాటికి లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉంటుంది; కేబుల్ దూర్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది కనుక వాయించడం అయ్యాక కేబుల్ తీసేయాలి.

ఆదిలాబాద్ అడవి చెట్టు

చవక బేస్‌ల మెట్ల పలకకు, అంటే వేళ్లు ఆనే పలకకు, ఒకప్పుడు జిట్రేగి జాతి కలపే ఎక్కువగా వాడేవారు. అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే ‘సైటిస్’ ఒప్పందం 2017 జనవరిలో ఆ జాతి మొత్తానికి అనుమతులు తప్పనిసరి చేయడంతో తయారీదారులు వేరే కలపలు వెతుక్కున్నారు. పూర్తిగా తయారైన సంగీత వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు వచ్చినా, మారిన కలపలు చాలావరకు నిలిచిపోయాయి. ఫెండర్ సంస్థ చవక శ్రేణి స్క్వయర్ వాయిద్యాల్లో ఎక్కువగా కనిపించే ‘ఇండియన్ లారెల్’ అటువంటిది. ఆ వ్యాపారనామం వెనుక ఉన్న చెట్టు నల్లమద్ది. మొసలి వీపులా పగిలిన బెరడుతో ఆదిలాబాద్ అడవుల్లో టేకుతో పాటు పెరిగే చెట్టే. మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల్లో పట్టు రైతులు దసలి పురుగులను పెంచేది కూడా మద్ది ఆకు మీదే.

కలప అన్నాక వాతావరణానికి లోబడక తప్పదు. తేమ పెరిగినప్పుడు, తగ్గినప్పుడు అది పొడవునా దాదాపు మారదు గాని అడ్డంగా గణనీయంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. రామగుండం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటి గాలి ఎండిపోతుంది, జూలైలో గాలి తడితో బరువెక్కుతుంది, ఆదిలాబాద్ చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగుతుంది. వేసవిలో మెట్ల పలక కుంచించుకుని, లోహపు మెట్ల చివరలు అంచు దాటి బయటికి పొడుచుకువచ్చి అరచేతిని గీస్తాయి. అదే వేసవిలో గడ్డి మెత్తల ఎయిర్ కూలర్ పెట్టిన గదిలో వాయిద్యాన్ని వదిలేస్తే పగలు తడి, కూలర్ ఆపాక పొడి, ఇలా రోజుకు రెండు ఋతువులు అనుభవిస్తుంది. కూలర్ గాలికి ఎదురుగా గాక, సంచిలో పెట్టి లోపలి గోడ వైపు ఉంచడం తేలికైన రక్షణ.

నెక్ లోపల పొడవునా ఉండే ఉక్కు కడ్డీ, ట్రస్ రాడ్, ఈ మార్పులను సర్దడానికే ఉంది. ఒక చేత్తో అయిదో తీగను ఒకటో మెట్టు మీద, మరో చేత్తో చివరి మెట్టు మీద నొక్కి చూస్తే, నడుమ ఏడు ఎనిమిది మెట్ల దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య పలుచని విజిటింగ్ కార్డు దూరేంత సందు, సుమారు 0.3 మిల్లీమీటర్, ఉండాలి. సందు ఎక్కువైతే రాడ్‌ను బిగించాలి, సందే లేకపోతే వదులు చేయాలి; ఒకసారికి పావు చుట్టుకు మించకుండా తిప్పి, ఒక రోజు ఆగి మళ్లీ చూడాలి.

ధర దేనికి, నైపుణ్యం దేనికి

కంప్యూటర్ నడిపే కోత యంత్రాలు ఇండోనేషియా, చైనా కర్మాగారాల్లో మెట్ల గాళ్లను మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా రాకుండా చెక్కుతున్నాయి కనుక తీగ పొడవు, మెట్ల స్థానాల విషయంలో చవక వాయిద్యానికీ ఖరీదైనదానికీ అంతరం బాగా తగ్గింది. పెద్ద ధర కొనిపెట్టేది ప్రధానంగా చేతిపని, నాణ్యమైన భాగాలు: మెట్ల తలలను సమంగా రాయడం, నెక్‌కు, బాడీకి మధ్య ఎడం లేని అతుకు, తేలిక కలప, రొద చేయని సర్క్యూట్, శ్రుతి జారని బిరడలు. వీటిలో మొదటిది ఊళ్లోని గిటార్ మెకానిక్ చేతిలో సరిదిద్దదగినదే.

కొనే ముందు పరీక్ష కూడా లెక్క చెప్పినట్టే ఉంటుంది. ట్యూనర్ పెట్టి అయిదో తీగను పన్నెండో మెట్టు మీద తేలిగ్గా తాకి ఒకసారి, అదే మెట్టు మీద నొక్కి ఒకసారి మీటితే రెండూ ఒకే స్వరం చూపాలి. నొక్కిన స్వరం ఎక్కువ ఉంటే బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి జరపాలి. లావు తీగకు శాడిల్ అన్నిటికంటే వెనక్కి పోవలసి ఉంటుంది కనుక, జరగడానికి ఇంకా చోటు మిగిలిందా అన్నది కంటితో చూసుకోవాలి. తర్వాత అయిదో తీగ అయిదో మెట్టును, ఖాళీ ఇ తీగను ఒకదాని తర్వాత ఒకటి వాయించాలి. పౌనఃపున్యం ఒకటే అయినా మొదటిది కాస్త గుండ్రంగా ఉండటం సహజం. స్వరమే గుర్తుపట్టలేనంత మసకగా ఉంటే ముందు అనుమానించవలసింది పాత తీగను, తర్వాతే వాయిద్యాన్ని.

ఈ లెక్క ప్రకారం కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో కొత్తగా బేస్ పట్టే విద్యార్థి తన డబ్బును ఏ వరుసలో ఖర్చు చేయాలో స్పష్టమే. మంద్రస్వరాన్ని నిర్ణయించే మూడు రాశుల్లో పొడవు కర్మాగారం నుంచే సరిగా వస్తుంది. బరువు, బిగువు తీగల సెట్‌తో పాటు వస్తాయి. అందువల్ల సరైన లావు గల మంచి సెట్, ఒకసారి నిపుణుడి చేత చేయించిన సర్దుబాటు (సెటప్), నమ్మదగిన హెడ్‌ఫోన్, ఈ మూడూ అయ్యాకే ఇంకా ఖరీదైన గిటార్ ప్రశ్న వస్తుంది. అప్పటికి ఆ విద్యార్థి వేళ్లు డోలు దెబ్బతో కలిసి పడటం నేర్చుకుని ఉంటే ఆ ప్రశ్న తొందరపెట్టదు.